రామకోటయ్య శెట్టి అంగట్లో సముద్రం

కోయిలకుంట్ల రామకోటయ్య శెట్టికి ఇంగ్లీషు రాదు. కానీ సముద్రపు ఒడ్డుకు ఇంగ్లీషులో ఎన్ని పేర్లున్నాయో అన్నీ వచ్చు. "యస్", "నో" కూడా తెలియని మనిషి. ఎవరైనా "గుడ్ మార్నింగ్" అంటే తనను కాదేమో అనుకుని వెనక్కి తిరిగి చూస్తాడు. అదే "ప్రామంటరీ" అనండి, తూకం వేస్తున్నవాడు తక్కెడ వదిలేసి లేచి నిలబడతాడు.

ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఆయన సముద్రం చూడలేదు. నలభై ఆరేళ్ల జీవితంలో అటు మహానంది, ఇటు జమ్మలమడుగు దాటి పోలేదు. ఆయన కళ్లతో చూసిన పెద్ద నీళ్లంటే మహానంది గుండంలోవే. ఊరి పక్కన కుందూ ఉంది గానీ ఎండాకాలం అందులో బండ్లు నడిచేవి.

నేను 1953లో ఆ ఊరి బడికి ఇంగ్లీషు అయ్యవారిగా వెళ్లాను. బి.ఏ. ప్యాసై, పంతుళ్ల చదువు ఎల్.టి. కూడా చేసి, ఇంగ్లీషులో నన్ను ఎదురు ప్రశ్న అడిగేవాడు ఆ తాలూకాలోనే ఉండడన్న ధైర్యంతో వెళ్లాను. ఆ ధైర్యం రెండు రోజులు నిలిచింది. మూడో రోజు కందిపప్పు కోసం శెట్టి అంగడికి పోయాను.

"సారు కొత్తగా వచ్చినారే. ఏం చెప్తారు సార్ బళ్లో?"

"ఇంగ్లీషు."

శెట్టి చేతిలో సేరు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అయితే ఒక మాట చెప్పండి సార్. బీచికీ షోరుకూ తేడా ఏంది?" అన్నాడు.

కందిపప్పు అంగట్లో ఈ ప్రశ్న ఎదురవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. "రెండూ ఒకటే" అన్నాను దర్జాగా.

"ఒకటే అయితే రెండు పేర్లెందుకు పెడతారు సార్? దొరలకు పనిలేకనా?"

నేను పప్పు కోసం సంచి ముందుకు చాపాను.

"పోనీ, షింగిల్ అంటే ఏంది సార్?"

నిజం చెబుతున్నాను, ఆ మాటకు అర్థం నాకు తెలియదు. మద్రాసు యూనివర్సిటీ నాకు పట్టా ఇచ్చింది గానీ షింగిల్ చెప్పలేదు. శెట్టి నా మొహం చూసి జాలిపడ్డాడు. "గులకరాళ్ల ఒడ్డు సార్. కాలు పెడితే కరకరమంటాది. ఆడ లోతెంత ఉంటాదో మీకేమన్నా తెలుస్తాదేమో అని అడిగినా" అన్నాడు.

నేను నిర్ఘాంతపోయి, పప్పు అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చాను. మరుసటి రోజే లావుపాటి డిక్షనరీ ఒకటి కావాలని కర్నూలుకు జాబు రాశాను. అంతకుముందు నా ఇంట్లో డిక్షనరీ లేదు. అవసరం లేదనుకున్నాను.

ఆ రోజు మొదలు నా బతుకు అట్లే జరిగింది. పొద్దున బడికి పోతుంటే అంగడి మీద నుంచి కేక. "సార్! లగూన్!" సాయంత్రం తిరిగి వస్తుంటే, "సార్! ఎస్చురీ!" నేను డిక్షనరీలో చూసి అర్థం చెప్పేవాణ్ణి. అర్థం విన్నాక ఆయన చివర ఒక్కటే అడిగేవాడు.

"ఆడ లోతెంత సార్?"

"డిక్షనరీలో లోతు ఉండదు శెట్టీ!"

"అంత లావు పుస్తకం, లోతు లేకపాయ" అని నిట్టూర్చేవాడు. తప్పంతా నాదే అయినట్టు ఉండేది నాకు.

ఈ పిచ్చి ఆయనకు ఎట్లా పట్టిందో సుంకప్ప చెప్పాడు. సుంకప్ప అంటే శెట్టికి నంద్యాల నుంచి సరుకు తోలే బండివాడు.

"నా తప్పే సార్. పొట్లాలు కట్టేకని నంద్యాలలో పాత పుస్తకాలు మణుగు లెక్కన తెచ్చినా. దాంట్లో ఇంగ్లీషు జాగ్రఫీ పుస్తకం ఒకటి ఉన్నింది. ముందర సగం ధనియాలకు పాయ. ఎనకాల సగం జీలకర్రకు పాయ. నడిమద్దెన సముద్రం మిగిలిపాయ."

అట్లా మిగిలినవి పదహారు కాగితాలు, ఒక్కో రకం ఒడ్డుకు ఒక్కో బొమ్మతో. వాటిని శెట్టి పసుపుగుడ్డలో చుట్టి తక్కెడ పక్కన పెట్టుకున్నాడు. చిన్నప్పుడు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం దిద్దాడు కాబట్టి బొమ్మల కింది పేర్లు కూడబలుక్కునేవాడు. ధనియాలు ఇంకొంచెం తక్కువ అమ్ముడుపోయి ఉంటే ఈయన అగ్నిపర్వతాల పేర్లు నేర్చేవాడేమోనని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

నేర్చిన మాటలు ఊరికే ఉంచుకునే మనిషా ఆయన? అంగడి ముందరి అరుగు "కోస్టు" అయింది. అరుగు ముందు మురుగుకాలువ "గల్ఫు". కాలువ మీద వేసిన బండ "ఇస్త్‌మస్". అంగడి మధ్యలో పేర్చిన శనగల మూటలు "ఐలాండు". వీధిలోకి ముందుకు పొడుచుకొచ్చిన అరుగు మూల "కేపు". మొదట జనం నవ్వారు. తరువాత వినీ వినీ వాళ్లకే అలవాటైంది.

ఒకరోజు నేను నిలబడి ఉండగానే సుంకప్ప బండి తోలుకొచ్చి కేకేశాడు.

"బెల్లం మూటలు యాడ దించాల సెట్టీ?"

"కేపు మీద దించప్పా!"

"కేపు మీద ఎవరో ముసలామె కూర్చోనుండాది."

"అయితే ఐలాండు పక్కన ఏయి. ఇస్త్‌మస్ మీద జాగ్రత్త, బండ కదుల్తాండాది. జారితే గల్ఫులో పడతావు!"

సుంకప్ప వేలిముద్ర మనిషి. ఇస్త్‌మస్ మీద జాగ్రత్తగా నడిచి, గల్ఫులో పడకుండా, ఐలాండు పక్కన మూటలు దించాడు. నా ఐదో ఫారం పిల్లల్లో ఒక్కడికి కూడా ఆ మాటలు రావు.

ఆయన భార్య నాగేంద్రమ్మ నెమ్మదస్తురాలు. ఆమె ఒక మధ్యాహ్నం కొంగు బిగించుకుని మా ఇంటికి వచ్చింది.

"అయ్యవారూ, ప్రామంటరీ అంటే తిట్టా?"

నేను ఉలిక్కిపడ్డాను. "ఎవరన్నారమ్మా?"

"మా ఇంటాయప్పే. అన్నం పెడతా ఉంటే నా మొగం పక్క చూసి, 'నీ ముక్కు అచ్చం ప్రామంటరీ' అన్న్యాడు. ముప్పై ఏండ్ల కాపరంలో ఒక్క దినం గూడ నా ముక్కు జోలికి రాలేదు."

డిక్షనరీ తీశాను. "నీళ్లలోకి ముందుకు పొడుచుకొచ్చిన ఎత్తైన నేల" అని చదివాను.

"నేలనా?"

"ఎత్తైన నేల, తల్లీ. గొప్పదే."

"నేను నేల ఎందుకైతానప్పా?" అని ఆమె వెళ్లిపోయింది. రెండు రోజులు శెట్టికి ఇంట్లో అన్నం పుట్టలేదు. మూడో రోజు ఆయనే నా దగ్గరకు వచ్చి, "సార్, ఆడోళ్లకు చెప్పతగిన ఒడ్డు ఏదన్నా ఉండాదా?" అని అడిగాడు.

ఆ రోజుల్లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. సర్కారు ఆఫీసర్లు గుంపులుగా కోస్తా జిల్లాల నుంచి వచ్చి డేరాల్లో కాపురం పెట్టారు. వాళ్లలో ఒకాయన తాలూకా పని మీద మా ఊరికి వచ్చి శెట్టి అంగడి ముందు జీపు ఆపాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఏవండీ శెట్టిగారూ, మంచి బియ్యం ఉన్నాయాండీ?"

ఆ "అండీ" వినగానే శెట్టి చెవులు నిక్కించాడు. "సారుది ఏ ఊరు?"

"కాకినాడండీ."

శెట్టి నా చొక్కా చెయ్యి పట్టుకుని గుంజాడు. "సార్, కోస్టు మనిషి! నిజం కోస్టు!" అన్నాడు నా చెవిలో. తరువాత ఆఫీసరుకు ముక్కాలిపీట వేసి, పానకం తెప్పించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ ఊరిది బే గదా సార్? ముందర ఇసుక తిన్నె అడ్డం ఉంటాదంట గదా? పెద్ద అలలు ఆడనే ఆగిపోతాయంట గదా? లోపలికొచ్చిన పడవకు భయం ఉండదంట గదా? లోతెంత సార్ ఆడ?"

ఆఫీసరు పానకం గ్లాసు పక్కన పెట్టాడు. "ఏమోనండీ. నేనెప్పుడూ అటేపు వెళ్లలేదండీ. గాలి పడదని మా అమ్మ వెళ్లనిచ్చేది కాదండీ."

ఈసారి నిర్ఘాంతపోవడం శెట్టి వంతు. ఒడ్డున పుట్టి ఒడ్డు చూడని మనిషి లోకంలో ఉంటాడని ఆయనకు తట్టనేలేదు. ఆ రోజంతా దిగులుగా కూర్చున్నాడు. రెండు సార్లు తూకం తప్పు వేశాడు. ఇదంతా గొప్ప చూపించుకోవాలన్న సరదా అని అప్పటిదాకా నేను అనుకుంటూ వచ్చాను. మరి సరదా మనిషికి అంత దిగులెందుకో నాకు అర్థం కాలేదు. అయినా పట్టించుకోలేదు. నాది మొదటినుంచీ మొద్దు బుర్రే.

తరువాత వచ్చింది ఉప్పు గొడవ.

దీపాలు పెట్టాక ఏ శెట్టీ ఉప్పు అమ్మడు. అది అందరికీ తెలిసిన ఆచారం. పొద్దుగూకాక ఉప్పు బయటికి పోతే లక్ష్మి పోతుందంటారు. కానీ రామకోటయ్య శెట్టి సంతనాడు పట్టపగలు, మిట్టమధ్యాహ్నం ఉప్పు అమ్మడం మానేశాడు. చుట్టుపక్కల పల్లెలన్నీ సంతకు వచ్చేదే ఉప్పు కోసం. అటువంటి రోజు పన్నెండు గంటలకు అంగడి తలుపు ఒకటి మూసి, రెండు గంటల దాకా, "ఉప్పు లేదు, పోయి రాండి" అనేవాడు.

సుంకప్ప ఊరుకునే మనిషి కాదు. "లేదంటావేంది సెట్టీ? పొద్దున నేనే గదా రెండు మూటలు దించినా!"

"అది ఉప్పు కాదప్పా."

"మరేంది?"

"ఇప్పుడు చెప్పేకి లేదు. రెండు దాటినాక రా. అప్పుడు మళ్లా ఉప్పయితాది."

పన్నెండింటికి ఉప్పు కానిది రెండింటికి ఉప్పెట్లా అవుతుంది? ఊరు ఊరంతా అదే మాట. క్షుద్రపూజ అన్నారు కొందరు. మతి పోయిందన్నారు కొందరు. ఎదురంగడి లక్ష్మీనరసయ్య మాత్రం ఏమీ అనలేదు. నాలుగు నెలల పాటు ప్రతి సంతకూ ఆ రెండు గంటల బేరమంతా ఆయనదే. శెట్టికి మతి తొందరగా కుదరకూడదని ఆయన దేవుడికి మొక్కుకున్నాడని చెప్పుకున్నారు.

నేను అడిగాను. "ఏమిటి శెట్టీ ఇది?"

"సార్, మీరు ఇంగ్లీషు చెప్పండి. ఉప్పు సంగతి నాకు వదిలేయండి" అన్నాడు. అంత మెత్తని మనిషి అట్లా అనడం నాకు చెంపదెబ్బలా తగిలింది. ఆ వారం ఆయనకు ఒక్క మాటకు కూడా అర్థం చెప్పలేదు. పైగా కొంచెం సంతోషించాను కూడా.

ఆ పై సంతనాడు బడి వసారాలో పిల్లల పుస్తకాలు దిద్దుతూ కూర్చున్నాను. ఒకామె వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది. పేరు మద్దమ్మ. పక్క పల్లె. సంతనాడు శెట్టి అంగట్లో చింతపండుకు గింజలు తీసే కూలికి వస్తుంది. మనిషి ఎముకల గూడులా ఉంది. నిలబడడానికే ఆయాసపడుతోంది.

"సామీ, ఒక జాబు రాయాల. నా కొడుకు గిడ్డయ్యకు."

"ఎక్కడుంటాడు?"

"కరువునాడు గంజి కేంద్రం కాడ నిలబడలేక మద్రాసు పాయ. రెండేండ్లు హార్బరులో మూటలు మోసె. ఇప్పుడు నాలుగు నెల్లాయ, రంగూను పోయే ఓడెక్కినాడు. అన్నం వండే పని. మీరిట్ల రాయండి. 'నీ తల్లి పానాల మీద ఉండాది, కడసారి సూడాలంటే ఉన్నపళంగా వచ్చేయి' అని."

నేను కలం పక్కన పెట్టాను. "పానాల మీద ఉన్నదానివి నడిచి ఎట్లా వచ్చినావు?"

"ఆ కాగితం పోయి, ఆడు వచ్చేలోపల పానం మీదికి తెచ్చుకుంటాలే సామీ" అంది మద్దమ్మ, ఎంతో మామూలుగా.

ఆమె హాస్యానికి అనడం లేదు. కొడుకు ఉప్పునీళ్ల మీద ఉన్నన్నాళ్లు ఉప్పు ముట్టనని మొక్కుకుందట. నాలుగు నెలలుగా చప్పిడి సంగటి, చప్పిడి చారు. ఎండలో కూలిపని చేసుకునే మనిషి. నిజంగానే ఇంకో రెండు నెలల్లో ఆ కాగితంలో రాయమన్నది జరిగిపోయేట్టు ఉంది. కాగితం పోతే గిడ్డయ్య ఓడ దిగేస్తాడు. దిగితే మళ్లీ ఎవరూ ఎక్కించుకోరు. ఊరికి వస్తే ఇక్కడ ఏముంది, రాళ్లు తప్ప?

"సముద్రమంటే అంత భయమెందుకమ్మా?"

"కట్ట తెగితే ఎట్ల సామీ?"

నాకు అర్థం కాలేదు.

"మా ఊరి చెరువు పదేండ్లకు ఒకసారి నిండుతాది. నిండిన దినమే కట్ట తెగె. మా ఇంటాయన్ను, రెండు ఎద్దులను ఎత్తుకపాయ. అంత చెరువే అంత పని చేస్తే, సముద్రం కట్ట తెగితే నా కొడుకు యాడ తేలాల?"

బి.ఏ.లోనూ ఎల్.టి.లోనూ ఈ ప్రశ్న రాలేదు. సముద్రానికి కట్ట ఉండదని ఒక్క మాటలో చెప్పవచ్చు. చెబితే ఆమె నమ్మాలి కదా. కట్ట లేకుండా నీళ్లు నిలవడం ఆమె పుట్టి చూడలేదు. నిజానికి పట్టా మద్రాసుదే గాని నా చదువంతా ఇక్కడి కాలేజీల్లోనే, సముద్రం గురించి నేనూ చదివిందే గాని చూసింది లేదు.

"రాస్తావుండండి సామీ. నేను సెట్టి కాడికి పోయొస్తా. పన్నెండైతాండాది. ఈ పొద్దు సముద్రమంతా సూపిస్తానన్న్యాడు" అని ఆమె కదిలింది.

"ఎవరు? ఏం చూపిస్తానన్నాడు?"

"సముద్రం, సామీ. ప్రతి సంతకూ కొంచెం కొంచెం సూపిస్తానే ఉండాడు."

నేను పుస్తకాలు అక్కడే పారేసి ఆమె వెంట పరుగెత్తాను.

శెట్టి అంగడి వెనక సరుకు గది. తలుపు దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి. గది నిండా గోనెపట్టలు పరిచి ఉన్నాయి. వాటి మీద రెండు మూటల రాళ్లుప్పు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, తెల్లగా, చదునుగా పోసి ఉంది. ఉప్పుకు అంచు వెంబడి కందిపప్పు పోసి ఉంది. ఒక చోట చింతగింజలు. ఒక చోట బెల్లం అచ్చులు నిలువుగా పేర్చి ఉన్నాయి. అవతల జొన్నలు కుప్పపోశారు. ఉప్పు నడుమ ఒకే ఒక్క వక్క ఉంది. కోయిలకుంట్ల బజారు వీధిలో పేరున్న వర్తకుడు పంచె ఎగగట్టి మోకాళ్ల మీద పాకుతూ ఆ వక్కను జరుపుతున్నాడు. నాగేంద్రమ్మ విసనకర్ర పట్టుకుని బెల్లం దగ్గర కూర్చుంది.

"బిరీన కానీ. నీ క్లిఫ్‌కు చీమలు పట్టినాయి" అంటోంది ఆమె.

శెట్టి నన్ను చూసి సిగ్గుపడ్డాడు. కానీ ఆగలేదు. ఆయనకు వేళ తక్కువ, బయట సుంకప్ప ఉప్పు కోసం కాచుకుని ఉన్నాడు.

"కూర్చో మద్దమ్మా. ఇదో, ఈ వక్క గిడ్డయ్య ఓడ. ఈ జొన్నలు మద్రాసు. గాలి వచ్చిందనుకో. నీ కొడుకు ఏం చేస్తాడు? ఈ వంపులోకి వస్తాడు. దీని పేరు?"

"బే" అంది మద్దమ్మ.

నేను ఒక అడుగు లోపలికి వేశాను.

"ఈడ?"

"లగూన్. నీళ్లు మోకాలు లోతే."

"ఈ చింతగింజలు?"

"షింగిలు. కాలు పెడితే కరకరమంటాది. మునిగేదేం లేదు."

"బెల్లం?"

"క్లిఫ్పు. దాని దగ్గరికి పోకూడదు. ఓడకు తగుల్తాది."

వేలిముద్ర కూడా సరిగా వేయలేని మనిషి, మద్రాసు యూనివర్సిటీ నాకు చెప్పని మాటలు వరసగా అప్పజెబుతోంది. నా జీవితంలో ఎన్నోసార్లు నిర్ఘాంతపోయాను గాని, ఆ రోజు పోయినట్టు మళ్లీ పోలేదు. "ఆడ లోతెంత సార్" అని రెండేళ్లుగా ఈయన నన్ను ఎందుకు వేధించాడో అప్పుడు తెలిసింది. ఆ పదహారు కాగితాలు పొట్లాలు కాకుండా ఎందుకు మిగిలాయో కూడా తెలిసింది. కొడుకు మద్రాసు పోయిన కొత్తలో, శెట్టి జీలకర్రకు కాగితం చించబోతుంటే, అందులోని సముద్రం బొమ్మ మద్దమ్మ కంట పడిందట. "దీనికి కట్ట యాడుండాది సామీ?" అని అడిగిందట. శెట్టికి జవాబు తెలియక కాగితం దాచిపెట్టాడు. నేను దాన్ని గొప్ప చూపించుకోవడం అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"అంతా బాగుండాది గాని సెట్టీ, ఇన్ని ఒడ్లు సూపిస్తివి. కట్ట సూపించకపోతివి" అంది మద్దమ్మ. ఆమె గొంతులో పాత భయమే ఉంది.

శెట్టి గొంతుకూర్చున్నాడు. "మద్దమ్మా, మీ ఊరి చెరువు ఎందుకు తెగింది?"

"కట్ట బలం లేక."

"కట్ట ఉన్నింది కాబట్టి తెగింది. కట్టనే లేనిదానికి తెగేదేముంది?"

మద్దమ్మ నోరు తెరిచి చూసింది. "కట్ట లేకపోతే నీళ్లు పారిపోవా?"

"యాడికి పారిపోతాయమ్మా? నీళ్లు పల్లానికి పోతాయి. మన కుందూ పోతాండాది, పెన్న పోతాండాది, అన్నీ ఆడికే. దానికన్నా పల్లం లోకంలో ఇంగ లేదు. అది యాడికీ పోదు. ఆడనే ఉంటాది. ఒడ్డు ఉండాది కాబట్టే దొరలు ఒడ్డుకు ఇన్ని పేర్లు పెట్టినారు. కట్ట ఉన్నింటే దానికీ ఒక పేరు పెట్టి ఉండరా? ఏం సార్?"

నేను గట్టిగా తల ఊపాను. నా పట్టాకు ఆ రోజు దక్కిన పని అదొక్కటే.

మద్దమ్మ చాలాసేపు ఉప్పు వైపు చూసింది. నీళ్లు పల్లానికి పోతాయన్నది ఆమెకు తెలిసిన సంగతే. అంతకన్నా పల్లం లేదన్నది మెల్లగా ఆమె మొహంలోకి దిగడం నాకు కనిపించింది. తరువాత ఆమె ఒడిలోని సద్దిమూట విప్పింది. చప్పిడి జొన్న సంగటి. చెయ్యి చాపి, వక్క పక్కన ఉన్న ఉప్పు చిటికెడు తీసి సంగట్లో కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. ఇంకో చిటికెడు తీసుకుంది. ఈసారి కొంచెం పెద్దదే.

"అమ్మా, నిమ్మళంగా! బే ఆఫ్ బెంగాల్ తినేస్తాండావు, గిడ్డయ్య ఓడ యాడ పోవాల?" అన్నాడు శెట్టి. అంటూనే మొహం అటు తిప్పుకుని పంచె కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు. నాగేంద్రమ్మ విసనకర్ర నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

జాబు కొత్తగా రాశాం. మద్దమ్మ చెప్పింది, నేను రాశాను. "నాయనా గిడ్డయ్యా, నేను ఉప్పు తింటాండా. నువ్వు పని వదలాకు. షోలు కాడ జాగ్రత్త, ఆడ లోతు లేదు, ఓడ కూరుకుంటాది. క్లిఫ్పు దగ్గరికి పోవాకు. గాలొస్తే బేలో దూరు. వీలైతే లగూన్‌లోనే ఉండు." కవరు అంటించేటప్పుడు ఇందులో ఒక్క తప్పు కూడా లేదని చూసి మళ్లీ ఆశ్చర్యపోయాను.

నెలన్నరకు జవాబు వచ్చింది. శెట్టి అంగడి ముందు, కేపు మీద నిలబడి అందరికీ చదివి వినిపించాను. "అమ్మకు దండాలు. పొద్దున్నుంచి మాపటి దాకా ఓడ వంటింట్లో ఉర్లగడ్డలు ఒలుస్తాండా. సముద్రం సరిగా సూసింది గూడ లేదు. నీ జాబు మా పెద్ద మేస్త్రీకి సదివి చెప్తే నోరెళ్లబెట్టినాడు. మీ ఊరు సముద్రానికి ఎంత దూరంరా అని అడిగినాడు. అమ్మా, లగూన్ అంటే ఏంది?"

మరుసటి ఏడు గిడ్డయ్య ఓడ మద్రాసుకు వస్తుందని తెలిసి ముగ్గురం బయలుదేరాం. నేను, శెట్టి, మద్దమ్మ. మద్దమ్మ అప్పటికి ఒళ్లు చేసింది. శెట్టి పసుపుగుడ్డలో పదహారు కాగితాలు చంకన పెట్టుకున్నాడు. దారి పొడుగునా రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఇస్త్‌మస్ చెప్పి వాళ్లను పక్క పెట్టెలోకి పంపేశాడు. హార్బరులో గిడ్డయ్య లక్షణంగా దిగాడు. తల్లి వాడి వీపు మీద నాలుగు వేసి, తరువాత కావిలించుకుంది. వాడే మమ్మల్ని ఒడ్డుకు తీసుకుపోయాడు.

సముద్రం కనిపించగానే శెట్టి ఆగిపోయాడు. నేను మాటల వాన కోసం సిద్ధంగా ఉన్నాను. ఒక్క మాట రాలేదు. నలభై పేర్లు వచ్చిన మనిషికి ఒక్కటీ నోట్లోకి రాలేదు. చంకలోని పసుపుగుడ్డ ఇసుకలో పడిపోయింది. అదీ ఆయనకు తెలియలేదు.

"సార్..."

"ఏం శెట్టీ?"

"కట్ట లేదు సార్!"

"మీరే కదా లేదని చెప్పింది!"

"చెప్పినా సార్. నాకేం తెలుసు? పుస్తకంలో కట్ట మాట యాడా లేదు, సరే. ధనియాలకు పోయిన కాగితాల్లో ఉన్నిందేమో అని ఇన్నాళ్లూ లోపల బెదురు సార్. ఆయమ్మ ఉప్పు తినాలని దేవుని మీద భారం వేసి చెప్పినా. నిజంగానే లేదు సార్!"

నేను నిర్ఘాంతపోయాను. అదే ఆఖరిసారి అనుకుంటాను. ఇంతలో పెద్ద అల ఒకటి వచ్చింది. శెట్టి నాలుగడుగులు వెనక్కి దూకి నా వెనక నిలబడ్డాడు. అక్కడ నుంచే తొంగి చూశాడు. మద్దమ్మ ఎప్పుడు దిగిందో దిగింది, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలో నిలబడి ఉంది.

"మద్దమ్మా, ఆడ లోతెంత?" అని అరిచాడు శెట్టి.

మద్దమ్మ వెనక్కి తిరిగింది. "మోకాలు గూడ లేదు. ఇది బీచి. రా సెట్టీ, బయపడాకు. కట్టనే లేనిదానికి తెగేదేముంది?"

శెట్టి చెప్పులు విడిచి చేతబట్టుకున్నాడు. రెండో చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, మెల్లగా నీళ్లలోకి దిగాడు.